రొమ్ము చర్మంలో మార్పు కనిపిస్తే: ఎలా గుర్తుపట్టాలి, ఎక్కడ చూపించుకోవాలి

రొమ్ము క్యాన్సర్ అంటే గడ్డ అనే అందరికీ తెలుసు. చేతికి గడ్డేమీ తగల్లేదు, నొప్పి లేదు, ఇంకేం భయం అని ఊరుకుంటారు. ఎక్కువమందిలో మొదట బయటపడేది గడ్డే, కాదనడం లేదు. కానీ కొన్ని రకాల్లో చేతికి అందే గడ్డే ఉండదు. చర్మం దళసరి అవుతుంది, ఒకచోట లోపలికి గుంజుకుంటుంది, చనుమొన పక్కు కట్టి ఎంతకీ మానదు. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మన ఇళ్లల్లో ఇలాంటివాటికి మొదట పసుపు, తర్వాత మందుల షాపు ట్యూబు, ఆ పైన ఎవరో చెప్పిన ఆకుపసరు. డాక్టరు వంతు వచ్చేసరికి నెలలు గడిచిపోతాయి.

నొప్పిని బట్టి అంచనా వేయకండి. ఈ జబ్బు మొదట్లో చాలావరకు నొప్పి పెట్టదు. నెలసరికి ముందు రెండు వైపులా వచ్చి పోయే సలుపు దాదాపుగా క్యాన్సర్ కాదు. అడగాల్సిన ప్రశ్నలు వేరు: ఈ మార్పు కొత్తదా? ఒకవైపే ఉందా? రెండు వారాలైనా పోలేదా? అవునంటే చూపించాలి. నెలసరి ఆగిపోయిన వయసులో గడ్డ తగిలినా, ఏ వయసులోనైనా రొమ్ము ఎర్రబడి రోజురోజుకీ వాస్తున్నా ఆ రెండు వారాలు కూడా ఆగొద్దు.

ముందు కళ్లతో

చాలామంది ఈ పని ఎగ్గొట్టి నేరుగా చేతులు వేస్తారు. చర్మం మార్పులు కంటికి దొరికినట్టు వేళ్లకు దొరకవు.

నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి ఏడో రోజుకీ పదో రోజుకీ మధ్య చూసుకోండి. నెలసరికి ముందు వారంలో హార్మోన్ల వల్ల రొమ్ములు నీరు పట్టి గట్టిగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. లేని గడ్డలు ఉన్నట్టు అనిపిస్తాయి. నెలసరి ఆగిపోయినవాళ్లు నెలలో ఏదో ఒక తారీకు పెట్టుకుంటే చాలు. ఒడిశా ప్రభుత్వం మధుబాబు పింఛను ఇచ్చే 15వ తారీకు అయితే మరిచిపోరు. పాలిచ్చే తల్లులు బిడ్డ తాగాక చూసుకోవాలి.

వెలుతురు తలమీద నుంచి కాదు, పక్కనుంచి పడాలి. స్నానాలగదిలో నెత్తిమీద బల్బు వెలుగులో చిన్న సొట్టలు అసలు కనిపించవు. తలుపు వేసుకుని పగటిపూట కిటికీ పక్కన నిలబడండి. కుదరకపోతే ఫోను టార్చిని రొమ్ము పక్కనుంచి ఏటవాలుగా పట్టుకోండి. గుంటలో నీడ పడి సొట్ట తేలుతుంది.

నడుము పైన బట్ట లేకుండా అద్దం ముందు నాలుగు రకాలుగా నిలబడి చూడాలి. మొదట చేతులు పక్కన వదిలేసి. తర్వాత రెండు చేతులూ నడుము మీద పెట్టి గట్టిగా లోపలికి నొక్కుతూ. ఆ పైన రెండు చేతులూ తలమీదికి ఎత్తి. చివరికి నడుము వంచి రొమ్ములు కిందికి వేలాడేలా. ప్రతిదాంట్లో కొంచెం కుడికి, కొంచెం ఎడమకి తిరిగి చూడండి. నడుము నొక్కినప్పుడు రొమ్ము వెనక కండరం బిగుస్తుంది. చేతులెత్తినప్పుడు చర్మం పైకి సాగుతుంది. లోపల ఏదైనా చర్మాన్ని పట్టి ఉంచితే ఊరికే నిలబడినప్పుడు కనబడని గుంట అప్పుడు బయటపడుతుంది. అందుకే ఒక్క భంగిమలో చూసి సరే అనుకోకూడదు.

చాలామందికి ఒక రొమ్ము రెండో దానికంటే కొంచెం పెద్దదిగా పుట్టుక నుంచే ఉంటుంది. అది లెక్కలోకి రాదు. ఉన్నట్టుండి జాకెట్టు ఒకవైపే బిగుతైతే, ఒక చనుమొన ఎత్తు మారితే లెక్కలోకి వస్తుంది.

చర్మం మీద ఏమేం కనిపిస్తాయి

సొట్ట. రొమ్ములో చర్మానికీ లోపలి పొరకీ మధ్య సన్నటి నారల్లాంటి బంధాలు ఉంటాయి. కణితి వాటిని పట్టుకుని పొట్టి చేస్తే పైన చర్మం లోపలికి గుంజుకుపోతుంది. కొన్నిసార్లు గుంట, కొన్నిసార్లు గీతలాంటి మడత. పాత ఆపరేషన్ మచ్చ దగ్గర, గట్టిగా దెబ్బ తగిలిన చోట కొవ్వు గట్టిపడినా ఇలాగే ఉండవచ్చు. కానీ ఇది దెబ్బ, ఇది కణితి అని పైనుంచి చూసి ఎవరూ తేల్చలేరు. ‘పోయినేడు గడప తగిలింది, దానివల్లే’ అని సర్దిచెప్పుకోవడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. దెబ్బ వల్ల క్యాన్సర్ రాదు. దెబ్బ తగిలినప్పుడు చేయి వేయడం వల్ల, ముందునుంచే ఉన్న గడ్డ తెలియడం మాత్రం తరచుగా జరుగుతుంది.

కమలాపండు తొక్కలా మారిన చర్మం. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మన చర్మపు రంగులో ఇది ఎక్కువగా కంటికి తప్పిపోయేది ఎరుపు కోసం వెతకడం వల్లే. చర్మంలోని రసనాళాలను క్యాన్సర్ కణాలు మూసేస్తే నీరు బయటికి పోలేక చర్మం ఉబ్బుతుంది. వెంట్రుకల కుదుళ్ల దగ్గర మాత్రం చర్మం లోపలికి కట్టేసినట్టు ఉండి పైకి లేవదు. అందుకే చుట్టూ ఉబ్బు, మధ్యమధ్య చిన్న చిన్న గుంటలు. తరచుగా రొమ్ము కింది భాగంలో మొదలవుతుంది, నిలబడి మామూలుగా చూస్తే అది కనిపించదు. రొమ్మును చేత్తో పైకెత్తి అద్దంలో చూడాలి. తెల్లటి చర్మంలో గులాబీ రంగు వస్తుందని రాస్తారు. చామనఛాయలో, నలుపులో అది ముదురు గోధుమగానో, కాస్త ఊదాగానో, లేక రంగేమీ మారకుండానో ఉండవచ్చు. కాబట్టి రంగు కంటే మందం చూడండి. రెండు వేళ్లతో చర్మాన్ని మెల్లగా మడత పట్టండి. రెండో రొమ్ములో అదే చోట అలాగే పట్టండి. ఒకవైపు మడత దళసరిగా వస్తే, లేదా అసలు మడత పడకపోతే, అది చూపించాల్సిందే. వేలితో పది సెకన్లు నొక్కి వదిలితే గుంట అలాగే నిలిచినా అంతే.

వేగంగా ఎర్రబడి వాచే రొమ్ము. ఇన్‌ఫ్లమేటరీ రొమ్ము క్యాన్సర్ అనేది అరుదు, కానీ గబగబా పెరుగుతుంది. వారాల్లో రొమ్ము మూడో వంతుకి పైగా ఎర్రబడటం, వేడి, బరువు, కమలాపండు తొక్కలాంటి చర్మం. గడ్డ తెలియకపోవచ్చు. చూడటానికి అచ్చం పాలగడ్డలాగే, చీము పట్టినట్టే ఉంటుంది. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. పాలిచ్చే తల్లికి జ్వరం, నొప్పితో రొమ్ము ఎర్రబడితే చాలావరకు అది మామూలు ఇన్‌ఫెక్షనే, యాంటీబయాటిక్ వేస్తే రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. పట్టకపోతే చీము చేరిందేమో అల్ట్రాసౌండ్ చేయాలి. పూర్తి కోర్సు, అంటే పది పధ్నాలుగు రోజులు, వాడాక కూడా ఎరుపు పోకపోతే రెండో కోర్సు, మూడో కోర్సు మార్చుకుంటూ పోకూడదు. బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, అడగాలి. పాలిచ్చే రోజులు కాకుండా, ముఖ్యంగా నెలసరి ఆగాక రొమ్ము ఇలా ఎర్రబడితే మొదటిరోజు నుంచే అనుమానంతో చూడాలి.

మానని చనుమొన. చనుమొన మీద వచ్చే పేజెట్స్ జబ్బు కూడా క్యాన్సరే, కానీ చూడటానికి గజ్జిలా, తామరలా ఉంటుంది: దురద, పొట్టు, రసి, పక్కు. ఎక్కడ మొదలైందో చూడండి. పేజెట్స్ చనుమొన మీద మొదలై చుట్టూ ఉండే నల్లటి వలయంలోకి పాకుతుంది. మామూలు తామర ఎక్కువగా వలయం మీద మొదలై చనుమొనను వదిలేస్తుంది, రెండు వైపులా వస్తుంది. షాపులో ఇచ్చే స్టెరాయిడ్ క్రీముతో పేజెట్స్ కూడా కొన్నాళ్లు తగ్గినట్టే కనిపిస్తుంది, మళ్లీ లేస్తుంది. ఈ తగ్గడం, లేవడం ఆటలోనే ఏడాది పోతుంది. ఒకవైపు చనుమొన మీద పుండు రెండు వారాలు దాటితే ట్యూబు మార్చకండి, డాక్టరును చూడండి. ఆ చోట చర్మంలో చిన్న ముక్క తీసి పరీక్షిస్తే తేలిపోతుంది.

పుట్టుక నుంచి లోపలికి ఉన్న చనుమొనతో ఇబ్బంది లేదు. మొన్నటిదాకా బయటికి ఉండి ఇప్పుడు లోపలికి పోతే మాత్రం చూపించాలి.

స్రావం విషయంలో రంగు కంటే తీరు ముఖ్యం. పిండితేనే వచ్చేది, రెండు వైపులా చాలా రంధ్రాల నుంచి పాలలా, పచ్చగా వచ్చేది ఎక్కువగా హాని లేనిది. తనంతట తానే, ఒకవైపు, ఒకే రంధ్రం నుంచి రక్తంలా గానీ నీళ్లలా గానీ వచ్చేది చూపించాలి. జాకెట్టు లోపలి వైపు ఒకే చోట మరక పడుతుంటే అదే సాక్ష్యం, ఉతికేముందు ఫోటో తీసుకోండి. రక్తం కనబడగానే బెంబేలెత్తనక్కర్లేదు. పాలనాళంలో పెరిగే పాపిలోమా అనే మామూలు కండ వల్ల కూడా వస్తుంది. ఉందో లేదో చూడటానికి రోజూ పిండటం మాత్రం మానేయాలి. పిండేకొద్దీ స్రావం వస్తూనే ఉంటుంది.

క్యాన్సర్ కానివీ రెండు చెప్పాలి. ఎండాకాలం ఉక్కకి రొమ్ము కింది మడతలో వచ్చే చెమట పొక్కు, దురద, ఎరుపు చాలావరకు ఫంగస్. రెండు వైపులా ఉంటుంది, తుడిచి ఆరబెట్టి ఫంగస్ మందు రాస్తే రెండు వారాల్లో పోతుంది. చర్మంలోనే కదులుతూ, మధ్యలో నల్లటి చుక్క ఉన్న చిన్న ఉండ చర్మంలో పుట్టే మామూలు తిత్తి (సెబేషియస్ సిస్ట్).

తర్వాత చేత్తో

వెల్లకిలా పడుకుని, చూసే వైపు భుజం కింద చిన్న దిండు పెట్టి, ఆ చేయి తలకింద పెట్టుకోండి. రెండో చేతి మధ్య మూడు వేళ్లు కలిపి, వేలి కొనలతో కాదు, మెత్తలతో తడమాలి. రూపాయి బిళ్లంత గుండ్రాలు తిప్పుతూ ఒక్కో చోట మూడు ఒత్తిళ్లు: చర్మం కదిలేంత, కొంచెం లోపలికి, పక్కటెముక తగిలేంత. మెడ కింద అడ్డంగా ఉండే ఎముక నుంచి రొమ్ము కింది మడత దాకా, చంక మధ్య నుంచి ఛాతీ నడిమి ఎముక దాకా, నిలువు వరసలుగా, వేళ్లు ఎత్తకుండా. చంక వదలొద్దు. రొమ్ము కణజాలం చంక వైపు సాగి ఉంటుంది, కణితులు ఎక్కువగా పుట్టేది కూడా రొమ్ము పై బయటి భాగంలోనే. సబ్బు చేతులతో స్నానంలో తడిమితే వేళ్లు బాగా జారతాయి. రొమ్ము కింది మడతలో అడ్డంగా, రెండు వైపులా ఒకేలా తగిలే గట్టి గీత మామూలే.

గట్టిగా, అంచులు సరిగ్గా తెలియకుండా, కదలకుండా ఉన్నదాన్ని ఎక్కువ అనుమానించాలి. ఇరవైల్లో నున్నగా జారిపోయే ఉండ ఎక్కువగా ఫైబ్రోఅడినోమా అనే క్యాన్సర్ కాని గడ్డ. అయినా అది ఫలానా అని ముద్ర వేసే పని మీ వేళ్లది కాదు.

నెలనెలా చేసుకుంటే చాలు, డాక్టరు అక్కర్లేదు అనే ప్రచారాన్ని మేము నమ్మం. షాంఘైలో సుమారు 2,66,000 మంది మహిళలపై జరిగి 2002లో వెలువడిన పెద్ద పరిశోధనలో స్వీయ పరీక్ష నేర్పినంత మాత్రాన మరణాలు తగ్గలేదు. మన ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్లు సుమారు లక్షన్నర మందితో చేసి 2021లో ప్రచురించిన దాంట్లో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షిస్తే జబ్బు ముందు దశలోనే దొరికింది, 50 దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. ఇంట్లో చూసుకోవడం మీ రొమ్ము మామూలుగా ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి. దానితో పాటు ఇంకొకరి చేయి కూడా కావాలి.

ఎక్కడికి వెళ్లాలి

ముప్పై దాటిన ప్రతి మహిళకూ ఆరోగ్య కేంద్రంలో రొమ్ము పరీక్ష ఐదేళ్లకోసారి ఉచితంగా చేయాలన్నది జాతీయ కార్యక్రమం. ఆశా దీదీ ఇంటికొచ్చి నింపే ఫారంలో రొమ్ము గురించి మూడు ప్రశ్నలుంటాయి: గడ్డ, చనుమొన నుంచి రక్తం, ఆకారంలో మార్పు. అత్తమామల ముందు, మరిది ముందు అడిగితే ఎవరైనా ‘లేదు’ అనే చెబుతారు. ‘దీదీ, లోపలికి రా, ఒక మాట చెప్పాలి’ అని పక్కకు పిలవండి. చర్మం మార్పు గురించి ఆ మూడింటిలో లేదు కాబట్టి మీరే చెప్పాలి.

లక్షణం ఉన్నవాళ్లు శిబిరం కోసం ఎదురుచూడకూడదు. నేరుగా జిల్లా కేంద్ర ఆసుపత్రిలోనో, బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలోనో, కోరాపుట్ సహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాలలోనో జనరల్ సర్జరీ ఓపీకి వెళ్లండి. చీటీ కౌంటరు దగ్గర సిగ్గుపడి ‘గుండెల మీద నొప్పి’ అంటే గుండె డాక్టరు లైనులో నిలబెడతారు, పూట పోతుంది. ‘రొమ్ములో మార్పు, సర్జరీ’ అనండి. ఒడియాలో అయితే ‘స్తనరే గంఠి’ అంటే రొమ్ములో గడ్డ. బోర్డు మీద ‘కర్కట’ అని ఉంటే అది క్యాన్సర్ విభాగం. మగ డాక్టరయితే ఆడ నర్సును గదిలో ఉండమని అడగవచ్చు. వెంట వచ్చిన అక్కో, వదినో, కూతురో లోపలికి రావచ్చు.

పెద్ద వైద్యానికి కటక్‌లోని ఆచార్య హరిహర క్యాన్సర్ సంస్థ ఉంది. విశాఖలో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రాయగడ, పర్లాకిమిడి వాళ్లకు భాషకీ ప్రయాణానికీ విశాఖే తేలిక. ఒడిశా జిల్లా ఆసుపత్రుల్లో కీమోథెరపీ ఉచితంగా ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. ఒకసారి పెద్దాసుపత్రిలో పద్ధతి నిర్ణయమయ్యాక ప్రతి విడతకీ అంత దూరం వెళ్లే పని ఉంటుందో లేదో అడగండి. ప్రభుత్వ ఉచిత వైద్యానికి ఇచ్చే ఆయుష్మాన్-గోపబంధు కార్డు రాష్ట్రం దాటి వాడుకోవాలంటే ఆ ఆసుపత్రి పథకంలో ఉండాలి. బయల్దేరకముందే ఆసుపత్రికి ఫోన్ చేసి తెలుసుకోండి. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉన్నవాళ్లు దాన్ని ముందే సరిచేయించుకోవాలి, కౌంటరు దగ్గర ఆగిపోయేది అక్కడే.

పరీక్షలు, వాటిలో తప్పులు

మూడు జరగాలి: డాక్టరు చేత్తో చూడటం, స్కానింగ్, సూదితో ముక్క తీయడం. నలభై దాటితే రొమ్ము ఎక్స్‌రే అయిన మామోగ్రామ్‌తో పాటు అల్ట్రాసౌండ్. అంతకు చిన్న వయసులో రొమ్ము దట్టంగా ఉంటుంది కాబట్టి ముందు అల్ట్రాసౌండ్. మామోగ్రామ్ రోజు చంకలో పౌడరు, సెంటు వేసుకోకండి, ఫిల్ములో చుక్కలుగా కనబడతాయి. రిపోర్టు చివర బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. 0 అంటే ఇంకా చూడాలి. 3 అంటే సాధారణంగా ఆరు నెలల్లో మళ్లీ. 4, 5 అంటే బయాప్సీ. మామోగ్రామ్ బాగుందన్నా చర్మం మార్పు అలాగే ఉంటే కథ ముగిసినట్టు కాదు, కొన్ని క్యాన్సర్లు అందులో కనబడవు.

సూది పెడితే క్యాన్సర్ పాకుతుందనే మాట ఊళ్లో గట్టిగా ఉంది. పాకదు. నష్టం చేసేది ఇంకోటి: చిన్న నర్సింగ్ హోములో బయాప్సీ లేకుండా ‘గడ్డే కదా, తీసేద్దాం’ అని కోసేయడం. అది క్యాన్సర్ అయితే మళ్లీ ఆపరేషన్ తప్పదు. కమలాపండు తొక్కలా చర్మం మారినప్పుడు, రొమ్మంతా ఎర్రబడినప్పుడు సాధారణంగా ముందు కీమో, తర్వాతే ఆపరేషన్. ముందే కోసేస్తే ఆ వరస తిరగబడుతుంది.

ముక్కను మీ చేతికిచ్చి వేరే ఊరి ల్యాబుకు తీసుకెళ్లమంటే సీసాలో ఉన్నది ముక్క చెడకుండా ఉంచే ఫార్మలినేనా అని అడగండి. సెలైన్‌లోనో, నీళ్లలోనో వేస్తే కణాలు పాడై, క్యాన్సర్ ఏ రకమో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు చెయ్యలేరు. మందు ఏదన్నది తేలేది వాటితోనే. ముక్క పూర్తిగా మునగాలి. ముక్కకి పదింతల ఫార్మలిన్ ఉండాలి. పేరు, కుడో ఎడమో మూత మీద కాదు, సీసా మీద రాసి ఉండాలి. ఆరు గంటలకు తక్కువ కాకుండా, మూడు రోజులకు మించకుండా ముక్క ఫార్మలిన్‌లో ఉండాలి కాబట్టి శనివారం తీసి బీరువాలో దాచి ఎప్పుడో పంపితే కుదరదు.

రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, ల్యాబు నుంచి స్లైడ్లు, మైనపు బ్లాకులు కూడా అడిగి తెచ్చుకోండి. కటక్ వెళ్లినా, విశాఖ వెళ్లినా అవి ఉంటే మళ్లీ సూది పొడిపించుకునే అవసరం చాలావరకు ఉండదు. బయాప్సీలో క్యాన్సర్ లేదని వచ్చి, ఇక్కడ చర్మం దళసరిగా, ఎర్రగా అలాగే ఉంటే, ‘ముక్క సరైన చోట నుంచే వచ్చిందా, చర్మం నుంచి కూడా ఒక ముక్క తీస్తారా’ అని డాక్టరును అడగండి. ఆ ప్రశ్న అడిగే హక్కు మీకుంది, సరైన డాక్టరు దానికి విసుక్కోడు.